ఎర్రబిళ్ళ వద్దన్న మనిషి

లాండ్రీలో ఆమెను అందరూ మైకు అనేవారు. జీతాల రోజున గుమాస్తా తప్ప అసలు పేరుతో పిలిచిన మనిషి అక్కడ లేడు. హాలు ఈ కొసన ఉతికే డ్రమ్ములన్నీ ఒకేసారి తిరుగుతున్నా సరే, ఆ కొసన ఇస్త్రీ రోలరు దగ్గర నిలబడ్డ మనిషిని ఒక్క కేకతో వెనక్కి తిప్పగలిగేది. "అన్ని మిషన్లకీ ఆపే బొత్తాం ఉంది, దీనికి పెట్టడం మర్చిపోయారు" అని బట్టల బండి డ్రైవర్లు నవ్వుకునేవారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది, వాళ్ళకంటే గట్టిగా.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పుడు, ఇంకా పలక పట్టుకుని బడికి పోయే వయసులో, వాళ్ళమ్మకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ చెవుల్ని వెంట తీసుకుపోయింది. ఒకటి పూర్తిగా, రెండోది ముప్పాతిక వంతు. తండ్రి పొద్దున వెళ్తే దీపాలు పెట్టాక వచ్చే మనిషి. అన్నలిద్దరికీ ఓపిక తక్కువ. అందుకని గుమ్మంలోకి ఎవరు వచ్చారో, పక్కింటావిడ ఏమంటోందో, పొయ్యి మీద ఏది మాడుతోందో అమ్మ చెవిన వేసే పని ఈ పిల్ల నెత్తిన పడింది. అరిచి అరిచి గొంతు రాటుదేలింది. అరుపు అందని చోట చేతులు ఆదుకున్నాయి. నుదుటి మీద అరచెయ్యి ఆనిస్తే ఒంట్లో బాగాలేదని. బొటనవేలు పెదవి దగ్గర వంచితే టీ. మీసం దువ్వినట్టు చేస్తే నాన్న వస్తున్నాడని. తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి ఇంట్లోనే ఒక చేతిభాష అల్లుకున్నారు. అందులో కోపం ఉంది, ఎగతాళి ఉంది, పక్కింటావిడ నడక కూడా ఉంది.

అమ్మ పోయింది, గొంతు మిగిలింది. అత్తవారింట అడుగుపెట్టిన కొత్తలో "మంచినీళ్ళు కావాలా అత్తయ్యా" అని ప్రేమగానే అడిగింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి తలుపు వైపు చూశారు. "గయ్యాళిని తెచ్చుకున్నాం" అని అత్తగారు అప్పుడే తీర్పు చెప్పేసింది. భర్త దర్జీ. పగలంతా నోట్లో గుండుసూదులు పట్టుకుని పనిచేసే మనిషి కావటంతో మాట్లాడటం ఆయనకు ఎలాగూ అలవాటు లేదు. ఆయన అవుననలేదు, కాదనలేదు. పోనుపోనూ అత్తగారికీ ఆ గొంతుతో పని పడసాగింది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు నీళ్ళ మోటారు బాగుచేయించనప్పుడు కోడలినే కిందికి పంపేది. పని అయి వచ్చాక మళ్ళీ గయ్యాళి అనేది.

ఇక లాండ్రీ సంగతి. ఆస్పత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ మూటలు మూటలుగా దుప్పట్లూ తువ్వాళ్ళూ వచ్చిపడేవి. అవి ముందు వెళ్ళేది వెనకనున్న చిన్నగదిలోకి. మరకల్ని బట్టి, బట్టని బట్టి అక్కడ వేరుచేస్తారు. దాన్ని పనివాళ్ళు మురికిగది అంటారు. దానికి ఒక తలుపు, హాల్లోకి ఒక అద్దం కిటికీ. వాసన బయటికి రాకుండా తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి. అక్కడి నుంచి డ్రమ్ములకు, డ్రమ్ముల నుంచి ఆరబెట్టే మిషన్లకు, తర్వాత రోలరుకు, చివరికి మడతబల్లలకు. పెద్ద దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని, దూరం జరిగి, విదిలించి, దగ్గరికి రావాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదురూబొదురూ అలా దూరమవుతూ దగ్గరవుతూ ఉంటారు.

మైకు దుప్పటికి అవతలి కొస పట్టుకునే మనిషిని పిల్లి అనేవారు. వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు, అందుకని. మైకు కంటే చాలా చిన్నది. ఆ పిల్లకి నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట చిక్కుకుపోయేది. ఎదుటివాళ్ళు తొందరపడి ఆ మాట తామే పూర్తిచేసేవారు, అదీ తప్పుగా. దాంతో మాట్లాడటమే మానుకుంది. పనిలో చేరిన కొత్తలో ఆమె అవస్థ చూసి మైకు ఒకరోజు చేత్తో అడిగింది, టీ తాగుతావా అని. పిల్లి కళ్ళు పెద్దవి చేసి చూసింది. అంతే, ఆ వర్షాకాలం తిరిగేలోగా చేతిభాష మొత్తం నేర్చేసుకుంది. ఉన్న సైగలు చాలక కొత్తవి కనిపెట్టింది. నడుం బెల్టు పైకి లాక్కున్నట్టు చేస్తే మేనేజరు. బుగ్గలు పూరిస్తే గుమాస్తా.

అప్పటి నుంచి ఆ బల్ల దగ్గర జరిగేదేమిటో హాల్లో ఎవరికీ తెలియదు. చూసేవాళ్ళకు మైకు వాగుడుకాయ, పిల్లి మూగనోము. నిజానికి రోజంతా వాగేది పిల్లి. దుప్పటి కొస చంకలో ఇరికించుకుని మరీ రెండు చేతులతో చెప్పేది. పై అంతస్తులో ఒకాయన పిల్లనగ్రోవి నేర్చుకుంటూ అందరి ప్రాణాలు తోడేస్తున్న వైనం, తమ్ముడు అద్దం ముందు జుట్టు దువ్వుకునే తీరు, రాత్రి వచ్చిన కల, ఆ కలలో గుమాస్తా. మైకు పని వినడం, పొట్ట పట్టుకుని నవ్వడం. ఆ నవ్వు మాత్రం హాలంతా వినపడేది. ఆ నవ్వుకే ఆమెకు వాగుడుకాయ అన్న పేరు వచ్చింది.

ఇలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. ఎవరినీ ఒక్క పరుషమైన మాట అనడు. పుస్తకాలు బాగా చదువుతాడు, చదివింది వెంటనే చేసి చూడాలనుకుంటాడు. పనివాళ్ళంతా ఒక జట్టుగా ఎదగాలని, అందుకు ఎవరి స్వభావమేమిటో ముందు తెలియాలని చెప్పి, ఒక సంస్థ నుంచి ట్రైనింగు మేడమ్‌ని పిలిపించాడు. ఆవిడ ఒక ఉదయం టీలు తాగే గదిలో బల్లలు గుండ్రంగా వేయించి, తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చింది.

"ఇందులో తప్పులూ ఒప్పులూ ఉండవు. మీకు ఏది దగ్గరగా ఉంటే దాని మీద టిక్కు పెట్టండి" అంది. మంచి మనిషిలాగే ఉంది. చదవడం రానివాళ్ళ పక్కన కూర్చుని తనే చదివి వినిపించింది.

మొదటి ప్రశ్న దగ్గరే గొడవ మొదలైంది. "విందుకు వెళ్ళినప్పుడు మీరు అందరితో కలుపుగోలుగా తిరుగుతారా, లేక తెలిసిన ఒకరిద్దరితోనే గడుపుతారా?"

"ఎవరింట్లో విందు?" అని రోలరు వదిన అడిగింది. రోలరు మీద చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దావిడ. అందరికీ వదినే.

"ఎవరిదైనా అనుకోండి."

"మావాళ్ళింట్లో అయితే నేను వంటింట్లోనే ఉంటానమ్మా. బయటివాళ్ళింట్లో అయితే కుర్చీ దొరికిన చోట కూర్చుంటాను."

అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, ఏదో ఒకటి పెట్టమంది.

మైకు చకచకా పెట్టేసింది. నిర్ణయాలు త్వరగా తీసుకుంటారా? తీసుకుంటాను, ఇంట్లో ఇంకెవరూ తీసుకోరు కాబట్టి. మీ మాట పదిమంది వింటారా? వినక చస్తారా, చెవులున్నాక. పిల్లి మాత్రం ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. "నలుగురిలో మాట్లాడటం మీకు సులువా, కష్టమా?" కష్టం మీద టిక్కు పెట్టింది. తర్వాత ప్రశ్న కూడా అలాంటిదే. ఆ తర్వాతిదీ అంతే.

కొన్నాళ్ళకు ఫలితాలొచ్చాయి. ఎరుపువాళ్ళు నడిపించేవాళ్ళట. పసుపువాళ్ళు ఉత్సాహం పంచేవాళ్ళు. పచ్చవాళ్ళు సర్దుకుపోయేవాళ్ళు. నీలంవాళ్ళు ఒంటరిగా, పద్ధతిగా పని చేసుకోవడానికి ఇష్టపడేవాళ్ళు. అందరికీ వాళ్ళ వాళ్ళ రంగుల్లో గుండ్రటి బిళ్ళలిచ్చారు, చొక్కాకు తగిలించుకోమని. మైకుది ఎరుపు. రోలరు వదినది పచ్చ. పిల్లిది నీలం.

ఉన్నమాట చెప్పాలి. ఆ రోజు మైకు పొంగిపోయింది. ఇంటికెళ్ళి బిళ్ళ తీయకుండానే గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, నేను పుట్టుకతోనే నాయకురాలినట. పరీక్ష పెట్టి కనిపెట్టారు."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని బిళ్ళ వంక చూసింది. "ఈ సంగతి నేను నీ పెళ్ళైన మూడోరోజే చెప్పాను. నాకెవరూ మేడమ్ అని పిలిచి కుర్చీ వేయలేదు."

మైకుకు నవ్వొచ్చింది గాని, ఆ మాట ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది కూడా. గయ్యాళీ నాయకురాలూ ఒకే గొంతుకు రెండు పేర్లా అనుకుంది. అప్పటికి ఆ ఆలోచన పక్కన పెట్టేసింది.

మర్నాడు మేనేజరు హాల్లో కొత్త ఏర్పాటు చదివాడు. ఎవరి స్వభావానికి తగిన పని వాళ్ళకి. మడత హాలుకు మైకు లీడరు. పిల్లి ఇకనుంచి మురికిగదిలో, ఒంటరిగా. "ఆమెకు ప్రశాంతత ఇష్టం. అక్కడైతే ఎవరూ కదిలించరు" అన్నాడు, బహుమానం ఇస్తున్నవాడిలా. పిల్లి తల దించుకుని చేతితొడుగులు తెచ్చుకుని వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

నాయకత్వమంటే ఏమిటో మైకుకు ఆ వారంలోనే తెలిసొచ్చింది. బల్లల మధ్య తిరగాలి. ఎవరి చెయ్యి నెమ్మదిస్తే వాళ్ళ పేరు పెట్టి కేకెయ్యాలి. "మీ గొంతు మన లాండ్రీకి ఆస్తి. దాన్ని వాడండి" అన్నాడు మేనేజరు. ఆయన చెప్పినట్టే వాడింది. జట్టులో పనిచేసినన్నాళ్ళూ ఆమె కేకకు జవాబుగా ఒక కేకో, ఒక జోకో వచ్చేది. ఇప్పుడు తలలు వంగుతున్నాయి. టీ గదిలోకి ఆమె అడుగుపెడితే మాటలు ఆగుతున్నాయి.

ఒక మధ్యాహ్నం రోలరు నెమ్మదించింది. వదిన ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. మేనేజరు మైకు వెనకే ఉన్నాడు. "అడగండి" అన్నాడు మెల్లగా.

"వదినా, చేతులు పడిపోయాయా? దుప్పట్లు గుట్టపడుతున్నాయ్" అని మైకు అరిచింది.

రోలరు వదిన తిరిగి చూసింది. ముఖం వేడికి కందిపోయి ఉంది. అరచెయ్యి ఎత్తి నుదుటి మీద ఆనించింది. ఆ సైగ ఆవిడకు ఎప్పుడు పట్టుబడిందో, ఎవరిని చూసి నేర్చిందో. తర్వాత చెయ్యి దించేసి, మారుమాట లేకుండా మళ్ళీ దుప్పటి అందుకుంది.

మేనేజరుకు ఆ సైగ అర్థం కాలేదు. "చూశారా, పని జరుగుతోంది" అని ముందుకు వెళ్ళిపోయాడు. మైకు ఎవరి ముఖమూ చూడలేక మురికిగది అద్దం వైపు తిరిగింది. లోపల పిల్లి ఒక మూట విప్పి, తువ్వాళ్ళు ఎంచి బుట్టల్లో వేస్తోంది. వేస్తూ వేస్తూ ఆగింది. చేతితొడుగులతోనే గాల్లో చేతులు ఆడించింది. బుగ్గలు పూరించింది. బెల్టు పైకి లాక్కుంది. తల ఊపింది. మళ్ళీ చేతులు ఆడించింది. ఎదురుగా ఎవరూ లేరు. గోడ ఉంది, మూటలున్నాయి.

మైకు నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది.

"సార్, పిల్లిని మళ్ళీ నా బల్ల దగ్గరికి పంపండి. ఆ పిల్లకి ఒంటరిగా ఉండటం ఇష్టం లేదు."

మేనేజరు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. "అలా అని మీరనుకుంటున్నారు. కాని ఆమే స్వయంగా రాసింది కదా, ఇదిగో ఫలితం. మన అభిప్రాయాల కంటే ఇది నయం. శాస్త్రం."

"శాస్త్రం సంగతి నాకు తెలీదు. పక్కగదిలోనే ఉంది, అడగండి."

"పరీక్షంటే అడగడమే కదా" అన్నాడు గాని, న్యాయంగా ఉండాలనుకునే మనిషి కాబట్టి కబురు పెట్టాడు. పిల్లి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "చూడమ్మా, అక్కడ నీకేమైనా ఇబ్బందిగా ఉందా? భయపడకుండా చెప్పు."

పిల్లి పెదవులు బిగుసుకున్నాయి. మెడ నరాలు లేచాయి. మైకు పక్కనే నిలబడి, చెప్పు, చెప్పు అన్నట్టు చేతులు ఊపుతోంది. చివరికి పిల్లి నోట బయటికొచ్చిన మాట ఒక్కటే.

"ప... పర్వాలేదు సార్."

మేనేజరు మైకు వంక చూసి ఫైలు మూశాడు. ఆ చూపు ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

సాయంత్రం గేటు దగ్గర మైకు పిల్లిని ఆపింది. "నోట్లో మాట నోట్లోనే మింగావేమే? నీ కోసమే కదా వెళ్ళాను."

పిల్లి సంచి కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తింది. ఆ చేతుల్లో అంత కోపం మైకు ఎప్పుడూ చూడలేదు. నిన్ను ఎవరు వెళ్ళమన్నారు, అంది చేతులతో. ముందు నన్ను అడిగావా. అందరూ నా మాట పూర్తి చేసేవాళ్ళే. ఆ కాగితం పూర్తిచేసింది. ఆయన పూర్తిచేశాడు. నువ్వు కూడానా. సంచి తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మైకు గుమ్మంలోనే కూలబడింది. భర్త మిషను మీద ఎవరిదో చొక్కా కుడుతున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన సూదులన్నీ నోట్లోంచి ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. అంటే మాట్లాడబోతున్నాడని అర్థం.

"కొలతలు తీసేటప్పుడు మనిషి ఊపిరి బిగబడతాడు. పొట్ట లోపలికి పోతుంది, భుజాలు పైకి లేస్తాయి. అదే అసలు కొలత అనుకుని కుడితే చొక్కా పట్టదు. అందుకే నేను వాళ్ళ పిల్లల చదువులో, ఊరి సంగతులో ఏవో అడుగుతూ టేపు వేస్తాను" అన్నాడు.

"అంత మాటకారి అయ్యుండి ఇంట్లో ఎందుకు మాట్లాడరు?"

"ఇంట్లో నీకు కొలతలు తియ్యనవసరం లేదు కదా" అని మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు.

పిల్లి మాట ఆమెను రెండు రోజులు తినేసింది. పిల్లి విషయం పిల్లిదే. నిజమే. తన గొంతు విషయం మాత్రం తనదే కదా అనుకుంది. మూడోరోజు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళి, ఎర్రబిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నాకొద్దు సార్."

"ఎందుకొద్దు? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనడం లేదు. అదే నా బాధ. నేను కనిపిస్తే నోళ్ళు మూసుకుంటున్నారు."

"మొదట్లో అలాగే ఉంటుంది. నాయకత్వం మీ స్వభావంలోనే ఉంది. దాన్ని మీరే కాదంటే ఎలా?"

"నా స్వభావం కాదు సార్ అది. మా అమ్మకు చెవులు వినపడేవి కావు. ఆవిడ కోసం పెంచుకున్న గొంతు ఇది. దీంతో మా అమ్మకు లోకం చెప్పాను. ఒంట్లో బాగాలేని మనిషి మీద అరవడానికి దీన్ని ఇవ్వను."

మేనేజరు బిళ్ళను మళ్ళీ ఆమె వైపు జరిపాడు. "మరి హాలుకు లీడరెవరు?"

"చెయ్యాలని ఉన్నవాళ్ళని అడగండి. రోలరు వదినకు ఎప్పట్నుంచో ఉంది. పనిలో ఏ కొస ఎక్కడుందో ఆవిడకు తెలుసు."

"ఆవిడ పచ్చ. సర్దుకుపోయే మనిషి. నడిపించలేరు."

"సర్దుకుపోయింది సార్. సర్దుకుపోయే మనిషి అని ఎవరు చెప్పారు మీకు?"

ఈసారి ఆయన గొంతు గట్టిపడింది. "చూడండి, ఒకరు కాదంటే ఇంకొకరు కాదంటారు, ఏర్పాటంతా చెడిపోతుంది. బిళ్ళ పెట్టుకుంటే హాల్లో లీడరు. పెట్టుకోకపోతే మడతబల్ల దగ్గర మీ చోటు నిండిపోయింది. మురికిగది ఒక్కటే ఖాళీ. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించుకునే వచ్చాను. మురికిగదే రాయండి."

ఆమె వెళ్ళి మురికిగది తలుపు తోసేసరికి పిల్లి మూటల మధ్య కూర్చుని ఉంది. మైకు చేతులతో చెప్పింది, నీ కోసం రాలేదు, నా కోసం వచ్చాను, కావాలంటే ఆ మూలకి తిరిగి కూర్చుంటాను. పిల్లి తల తిప్పుకుని మూట విప్పసాగింది. ఆ పూటంతా ఇటు తిరగలేదు. ఆ గదిలో వాసన గొంతులో గూడు కట్టుకుంటుంది. తిండి సయించదు. మధ్యాహ్నానికి మైకు లేచి, విప్పని పెద్ద మూటొకటి ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డంగా పడేసింది, మూసుకోకుండా. గుమాస్తా వచ్చి తలుపు వెయ్యమన్నాడు. "మాకు గాలి కావాలి. మీరు లోపలికొచ్చి కూర్చుంటానంటే వేస్తాను" అంది. ఆయన బుగ్గలు పూరించుకుని వెళ్ళిపోయాడు. వెనక నుంచి కిసుక్కున నవ్వు వినపడింది. మైకు వెనక్కి తిరిగేసరికి పిల్లి చేతులు అప్పుడే కదలడం మొదలుపెట్టాయి. పిల్లనగ్రోవి ఆయన పాట ఎత్తుకున్నాడట, అదింకా ఘోరమట.

హాల్లో లీడరు లేడు. మేనేజరు తనే నిలబడి చూశాడు. డ్రమ్ముల హోరులో ఆయన మాట మూడో బల్ల దాటేది కాదు. వారం తిరిగేసరికి మెడకు మఫ్లరు చుట్టుకుని, వేడినీళ్ళ సీసా చేత్తో పట్టుకుని తిరగాల్సి వచ్చింది. తలుపు తెరిచి ఉంచారని హాల్లో కొందరు మైకును తిట్టుకున్నారు. ఆ వాసన వాళ్ళకూ వస్తోంది మరి. "దాని పంతానికి మా ముక్కులు పోతున్నాయి" అంది పసుపుబిళ్ళ అమ్మాయి. మైకు విననట్టు నటించింది. విననట్టు నటించడం ఆమెకు కొత్త.

కొంతకాలానికి మేడమ్ మళ్ళీ వచ్చింది. రెండో విడత శిక్షణట. అందరినీ టీ గదిలో కూర్చోబెట్టి, రంగు తెలిశాక పనిలో ఏం మారిందో ఒక్కొక్కరూ చెప్పమంది. పసుపుబిళ్ళ అమ్మాయి సంతోషంగా లేచి, తనలో ఇంత ఉత్సాహం ఉందని ఇన్నాళ్ళకు ఒకరు గుర్తించారనీ, ఇంట్లో వాళ్ళు దాన్ని తిక్క అనేవారనీ చెప్పింది. అదీ నిజమే అయ్యుంటుంది. మరో ఇద్దరు బాగుందన్నారు. రోలరు వదిన "నాకేం మారలేదమ్మా, రోలరు అలాగే తిరుగుతోంది" అని కూర్చుంది.

అప్పుడు పిల్లి లేచింది. ఎవరూ పిలవకుండానే.

"నా... నాకు..." అని ఆగింది. గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. మేడమ్ సాయం చేయబోతున్నట్టు ముందుకు వంగింది. మైకుకు నాలుక చివరిదాకా వచ్చింది, ఆ మాట తనే అనేసేంతగా. పళ్ళు బిగించుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పిల్లి వంక తప్ప ఎవరి వంకా చూడలేదు.

"నాకు ఒంటరిగా ఉండటం ఇ... ఇష్టమని నేను రాయలేదు. న... నలుగురిలో మాట్లాడటం కష్టమని రాశాను." మళ్ళీ ఆగింది. ఈసారి గదిలో ఎవరూ కదల్లేదు. "క... కష్టం వేరు, ఇష్టం లేకపోవడం వేరు. మీ కాగితంలో కష్టానికి గడి ఉంది. ఇ... ఇష్టానికి లేదు."

ఈ నాలుగు మాటలకు చాలాసేపు పట్టింది. చెప్పి, కూర్చోకుండా అలాగే నిలబడింది.

మేడమ్ ముఖం మారింది. "నిన్ను ఒంటరిగా పెట్టారా?" అని పిల్లిని అడిగి, మేనేజరు వైపు తిరిగింది. "ఇది ఒకరి గురించి ఒకరు మాట్లాడుకోవడానికి పెట్టిన పరీక్ష. మాటలు మొదలుపెట్టడానికి. ఎవరిని ఏ గదిలో వెయ్యాలో తేల్చడానికి కాదని మొదటిరోజే మీకు చెప్పాను."

"చెప్పారు" అని మేనేజరు ఒప్పుకున్నాడు. "కాని ఇంత చేసి, పనికి వాడకపోతే ఎందుకనిపించింది."

"నా తప్పూ ఉంది. బిళ్ళలు ఇవ్వకుండా ఉండాల్సింది" అంది మేడమ్.

అంతటితో లోకం తిరగబడలేదు. మేనేజరు వెంటనే ఏమీ ఒప్పుకోలేదు, పరువు మనిషి. రెండు వారాలు పోయాక, మురికిగదిలో ఇకనుంచి అందరూ వంతులవారీగా పనిచేయాలని చెప్పాడు, అది తన ఆలోచనే అయినట్టు. దానికి పిల్లిని మెచ్చుకున్నవాళ్ళు కొందరైతే, "మీ ఇద్దరి పుణ్యమా అని మాకూ ఆ కంపు" అని మైకు ముఖం మీదే అన్నవాళ్ళు కొందరు. "ఇన్నాళ్ళూ ఆ కంపు ఒకరే పీల్చారు, అప్పుడు మీకు వాసన రాలేదు" అని ఆమె జవాబు చెప్పింది, హాలు ఆ కొసకు కూడా వినపడేలా. లీడరు పనికి రోలరు వదినను కొన్నాళ్ళు చూద్దామన్నారు. ఆవిడ అరవదు. పని వదిలి మనిషి దగ్గరికి నడిచి వెళ్ళి చెబుతుంది. కాస్త ఆలస్యమవుతుంది, కాని పని నడుస్తోంది. బిళ్ళలు ఉంచుకున్నవాళ్ళు ఉంచుకున్నారు. పసుపుబిళ్ళ అమ్మాయి దాన్ని రోజూ తుడిచి మరీ పెట్టుకుంటుంది.

మైకూ పిల్లీ మళ్ళీ ఒకే బల్ల దగ్గరికి చేరారు. పిల్లి ఇప్పుడు అప్పుడప్పుడూ నోటితోనూ మాట్లాడుతోంది, తనకు బుద్ధి పుట్టినప్పుడు, తను ఎంచుకున్నవాళ్ళతో.

ఏడాది చివర అందరి పనితీరు గురించి రాసిన కాగితాల మీద సంతకాలు చేయించారు. మైకు వంతు వచ్చింది. ఆమె చదవకుండా సంతకం పెట్టే రకం కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని, గుమాస్తాను పైకి చదవమంది.

"పనిలో నేర్పరి. నాయకత్వ లక్షణాలు ఉన్నాయి. పై అధికారుల మాట వినదు, మొండి" అని చదివి, గుమాస్తా ఇబ్బందిగా తలెత్తాడు. "అభ్యంతరం ఉంటే కింద రాసుకోవచ్చు. చాలామంది రాస్తారు."

"మధ్య మాట కొట్టెయ్యండి. చివరిది అలాగే ఉంచండి" అంది మైకు. "దాన్ని మాత్రం ఏ పరీక్షా పెట్టకుండా, నాతో కలిసి పనిచేసి కనిపెట్టారు."

గుమాస్తా కలం కోసం వెతికేలోగా, ఆమే ఆయన చేతిలోది తీసుకుని మధ్య మాట మీద గీత పెట్టి, కింద తన పూర్తిపేరు గుండ్రంగా రాసింది.